జ్ఞానప్రకాశం మాస్టారి అరుగు

మా జ్ఞానప్రకాశం మాస్టారు ప్రభువు సన్నిధికి చేరుకున్నారన్న వార్త ఆదివారం ఉదయం, మేము ప్రార్థనకి బయల్దేరుతూండగా ఫోనులో వచ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. చెప్పింది ఆయన భార్య రూతమ్మ గారు. దిగ్భ్రాంతి, శోకం, అశ్రుధార, ఇలాంటి వేళ రావలసినవి ఇవేనని నాకూ తెలుసు. అవన్నీ తరవాత వచ్చేయి. ముందుగా వచ్చింది కోపం. "అదెలా కుదురుతుందక్కా? శుక్రవారానికల్లా పని పూర్తి చేసి ఇస్తానన్నారు కదా!" అని అరిచేను. భర్త పోయిన మనిషితో అనవలసిన మాటా అది? ఆవిడ మాత్రం కోపగించుకోకుండా "నాకూ అదే చెప్పేరమ్మా" అన్నారు.

కళాశాల సంచికకి సంస్మరణ రాయమని ప్రిన్సిపాల్ గారు నాకు పురమాయించేరు. "వారి గుణగణాలు కీర్తిస్తూ రాయండి విమల గారూ" అన్నారు. కీర్తిస్తాను. ఆ మహనీయుడు కీర్తనీయుడే. కానీ రాజోలులో ఒకే కంప్యూటర్ ల్యాబులో, ఒకే ఫ్యాను కింద, ఆయన బల్లకి ఎదురుబల్ల వేసుకుని ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని. ఆ విసుగంతా మింగేసి ఉత్త పూలదండ వేస్తే, అది ఆయనకి కాదు, గోడమీది ఫోటోకి వేసినట్టవుతుంది.

ఆయన స్వస్థలం మామిడికుదురు దగ్గర. పూర్వీకులు కూలికి వెళ్ళినవాళ్ళు, తండ్రి తరంలో చదువు వచ్చింది, ఈయన తరంలో ఉద్యోగం. డిగ్రీ అవగానే అందరిలాగే గల్ఫుకి వెళ్ళేరు. అక్కడొక గోదాములో సామాన్ల లెక్క చూసే పని. నల్లటి తెర, దానిమీద మిణుకుమనే చిన్న గుర్తు. దాని ముందు ఆదేశం టైపు చెయ్యాలి. చేస్తే జవాబిస్తుంది, అక్షరం తేడా వస్తే కసురుతుంది. "ఆ తెర నన్ను రోజంతా తిట్టేదండీ. చెల్లదు, తప్పు, మళ్ళీ కొట్టు. జీతం ఇచ్చేవాడు తిట్టేడంటే సరే, పెట్టె కూడా తిట్టాలా?" అనేవారు. ఆ తిట్లు తిన్న మనిషి మరొకరైతే ఆ నల్లతెరని జన్మలో మళ్ళీ చూడరు. ఈయన మాత్రం తిరిగొచ్చి, మా కాలేజీలో చేరి, తిట్టని తెర తయారు చెయ్యటమే జీవితాశయంగా పెట్టుకున్నారు. ప్రపంచమంతా రంగురంగుల కిటికీల వెంట, వేలితో తాకే బొమ్మల వెంట పరుగెడుతూంటే, మా మాస్టారు ఆ నల్లతెర ముందే బాసింపట్టు వేసుకు కూర్చున్నారు.

ఆయన కట్టిన దాని పేరు అరుగు. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. మాటతో నడిచే ప్రోగ్రాము ఏదైనా చేసే చాకిరీ ఒక్కటే. "చెప్పండి" అని అడగాలి. మనిషి రాసిన వరస చదవాలి. అందులో మొదటి మాట పట్టుకుని, ఆ పని చేసే ముక్కకి కబురంపాలి. పని అయ్యాక మళ్ళీ "చెప్పండి" అనాలి. సాయం అడిగితే చెప్పాలి, తెలియని మాట వస్తే తెలియదనాలి, వెళ్తానంటే పంపించాలి. బస్సుల వేళలు చెప్పే ప్రోగ్రాముకైనా, పాటల పుస్తకంలో పుట వెతికే ప్రోగ్రాముకైనా ఈ తంతు మారదు. మా పిల్లలేమో ప్రతిసారీ ఈ తంతంతా మొదటినుంచీ రాసేవారు. ఇదైతే అది, కాకపోతే ఇది, అదీ కాకపోతే మరోటి అని కొబ్బరిచెట్టంత పొడుగు రాసుకుంటూ పోయి, ఎక్కినవాళ్ళు దిగలేక నా దగ్గరికొచ్చి ఏడ్చేవారు. మాస్టారు ఆ తంతునంతా ఒక్కసారి శుభ్రంగా కట్టి పెట్టేశారు. దానిమీద కూర్చోవాలనుకున్నవాళ్ళు తమ పనిముక్క ఒకటి రాసి, దాని పేరు ముందు 'పని' అని తగిలిస్తే చాలు. అరుగు దానంతటదే గుర్తుపట్టి పిలుస్తుంది.

"కొబ్బరికాయ ఏ తోటదైనా ఒలిచే గునపం ఒకటే కదండీ. కాయకో గునపం పాతుతామా?" అన్నారు మొదటిరోజు పాఠంలో. మలికిపురం నుంచి వచ్చిన పిల్లలు, కొబ్బరి వ్యాపారాల ఇళ్ళవాళ్ళు, ఆ ఒక్కమాటతో గ్రహించేశారు. నేను పుస్తకం పట్టుకుని నెలలతరబడి చెప్పినా వాళ్ళ తలకెక్కని సంగతి అది. నాకు ఒళ్ళు మండదా మరి?

ఇక ఆయన చాదస్తాల చిట్టా విప్పుతాను. అరుగులో 'తప్పు' అనే మాటకి ప్రవేశం లేదు. తెలియని ఆదేశం వస్తే "ఆ పని నాకింకా రాదండీ. ఏమేం వచ్చో చెప్పమంటారా?" అనాలి. ఒక పిల్లాడు సరదాకి "నీకు బుద్ధుందా" అని జవాబు పెట్టేడు. మాస్టారు కోప్పడలేదు, ఆయనకి కోపం అనే పనిముక్క ఎవరూ రాయలేదు. ఆ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "మనిషేదో అన్నాడు. మనకి తెలీలేదు. ఇందులో బుద్ధి తక్కువ ఎవరికండీ?" అని అడిగేరు. వాడు సిగ్గుపడి మార్చేడు. బాగానే ఉంది. కానీ ఆ సంభాషణ జరిగినంతసేపూ బయట మరో క్లాసు పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు, తలుపు దగ్గర నేను చెయ్యి గడియారం చూపిస్తూ నిలబడి ఉన్నాను. "ఆయ్, అయిపోయిందండీ" అంటారు. అవదు. ఆయన 'ఆయ్' అన్నారంటే ఒప్పుకున్నారని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఆ మాటకి అర్థం, మీ మాట విన్నానండీ, నా పని నేను చేసుకుంటానండీ అని.

సాయం సంగతి మరీ దారుణం. ప్రతి ఆదేశానికీ, అది ఏం చేస్తుందో చెప్పే సాయం వాక్యం ఒకటి రాయాలి, అదీ పని రాయకముందే రాయాలి. సాయం లేని ఆదేశాన్ని అరుగు లోపలికి రానివ్వదు. పరీక్షల మార్కులు పంపే బాధ్యత నాది. అమలాపురం నుంచి మార్కులేవని ఫోన్ల మీద ఫోన్లు. ఈయనేమో పిల్లలు రాసిన సాయం వాక్యాలు చదువుతూ కూర్చున్నారు. "ఇది బస్సు చూపించును" అని రాసిందట ఒకమ్మాయి. "ఏ బస్సు, ఎక్కడికి, ఏమని అడిగితే చూపిస్తుంది? మీ అమ్మమ్మగారు చదివి బస్సెక్కేలా రాయమ్మా" అని వెనక్కి పంపేరు. "మాస్టారూ, వాళ్ళ అమ్మమ్మకి చదువు రాదండీ, పోనీ మార్కులు వెయ్యండి" అన్నాను. "అయితే ఎవరైనా చదివి వినిపించేలా రాయాలండీ" అన్నారు. నేను తల కొట్టుకున్నాను.

ఆ మాట విలువ నాకు తెలిసింది లీల వచ్చేక. లీల బండారులంక అమ్మాయి. నేతవారి పిల్ల. పుట్టుకతోనే చూపులేదు. తెరమీది అక్షరాలని గొంతుతో చదివి వినిపించే సాధనం ఒకటి ఉంది కదా, దాని సాయంతో మా కాలేజీలో చదివింది. రంగుల కిటికీలున్న ప్రోగ్రాముల్లో ఆ గొంతు పాపం బిక్కచచ్చిపోయేది. "బొమ్మ, బొమ్మ, గుండీ, బొమ్మ" అంటూ దారి తెలియని వాడిలా తిరిగేది. అరుగు మీద మాత్రం అడిగినదానికి ఒక వరస జవాబు, అంతే. ఆ పిల్ల వేళ్ళు టకటకలాడుతూ పోయేవి, చూపున్నవాళ్ళు వెనకబడేవారు. చదువయ్యాక వాళ్ళ ఊరి నేత సంఘం ఒకటి ఆమెని ఫోను దగ్గర కూర్చోబెట్టింది. ఏ రంగు చీర ఉంది, ఏది మగ్గం మీద ఉంది, ఏది పంపేశాం, ఇవన్నీ అడిగినవాళ్ళకి చెప్పే పని. దానికి ప్రోగ్రాము మాస్టారే అరుగు మీద కట్టి ఇచ్చేరు. 'ఉందా' అని రాసి రంగు పేరు రాస్తే, ఉందో లేదో చెబుతుంది. లీల చెవులకి పెట్టుకున్న దాంట్లో వింటూనే ఫోనులో అవతలివాళ్ళకి జవాబు చెప్పేస్తుంది. ఆ ఇంటికి వచ్చే నెలజీతం అదొక్కటే.

ఈ ఏడు సంఘానికి కొత్త అధ్యక్షులు వచ్చేరు. నగరం నుంచి ఎవరో తెచ్చి చూపించిన రంగుల ప్రోగ్రాము వారికి నచ్చింది. చీరల బొమ్మలు మెరుస్తాయట. ఆ ప్రోగ్రాము వస్తే దాని ముందు లీల కూర్చోలేదు, ఆ గొంతు మళ్ళీ "బొమ్మ, బొమ్మ" అంటుంది. లీల కుర్చీ ఎవరికో పోతుంది. సంఘ కార్యదర్శి సూర్రావు గారు మంచివారు, ఆ పిల్ల మీద జాలి ఉన్నవారు. "పాత ప్రోగ్రాము కూడా ఒకసారి చూద్దామండీ" అని అధ్యక్షుల్ని ఒప్పించి, లీల సెలవులో ఉన్నరోజు తానే కూర్చుని చూపించబోయేరు. 'ఉందా నెమలికంఠం అండీ' అని కొట్టేరు. తెర ఏమంది? "నెమలికంఠం అండీ అనే రంగు మన దగ్గర లేదండీ" అంది! వెనక బీరువాలో నెమలికంఠం చీరలు దొంతరగా ఉన్నాయి. అధ్యక్షులు పకపకా నవ్వేరట. ఉన్న చీరని లేదనే యంత్రం మనకెందుకండీ, శుక్రవారం సమావేశంలో మార్చేద్దాం అన్నారట.

ఈ కబురు వచ్చిన శనివారం నేను మాస్టారి మీద విరుచుకుపడ్డాను. "ఇదంతా మీవల్లేనండీ! మీరు ఆ పెట్టెకి మర్యాద నేర్పేరు. అది 'చెప్పండి' అంటూంటే ఈ ఊళ్ళో ఎవరైనా ఏకవచనంలో బదులు చెప్తారా? నోరెలా వస్తుంది? అండీ అన్నారు. ఆ అండీ ఆ పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టింది. పెట్టెతో పెట్టెలాగే మాట్లాడించి ఉంటే ఈ గొడవ ఉండేదా?" మాస్టారు శ్రద్ధగా విన్నారు. "ఆయ్, నిజమేనండీ" అన్నారు. తరవాత, "అయితే జనాన్ని అండీ మానెయ్యమందామా, పెట్టెకే అర్థమయ్యేలా చేద్దామా?" అన్నారు. సోమవారం కూర్చుంటాననీ, శుక్రవారం లోపల లీలకి ఇస్తాననీ చెప్పేరు. లీలకి కూడా ఫోను చేసి చెప్పేరు. ఆ సోమవారం ఆయనకి రాలేదు.

ఆరోజు ఇంకో గొడవ కూడా జరిగింది. అది మా మధ్య పాతదే. అరుగు మీద పని ముగించి 'వెళ్తాను' అని కొడితే చాలదు. "అప్పుడేనా అండీ?" అని అడుగుతుంది. దానికి 'ఆయ్' అని కొడితే గాని వదలదు. మా గోదావరి జిల్లాల మర్యాద మీద లోకం వేసే వేళాకోళాలన్నీ నిజం చేసే ప్రశ్న. నాకు గంట కొట్టేస్తారు, మెట్లెక్కి పైక్లాసుకి పరిగెత్తాలి, ఈ దిక్కుమాలిన తెర గుమ్మానికడ్డంగా నిలబడి అప్పుడేనా అంటుంది. "ఎందుకండీ ఇది? ఏం ఉపయోగం?" అని ఎన్నిసార్లు అడిగేనో. "పొరపాటున వెళ్ళిపోకుండా అండీ. సగం పని వదిలేసి వెళ్తే పాపం మళ్ళీ మొదటికొస్తుంది" అనేవారు. "నేను పొరపాటున వెళ్ళటం లేదు, పారిపోతున్నాను" అనేదాన్ని. నవ్వేవారు. ఆ శనివారం మరీ కోపంగా, "పోనీ ఊరందరి సంగతీ వదిలెయ్యండి, నా మెషీన్లో అయినా తీసెయ్యండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది" అన్నాను. "ఆయ్, చూద్దామండీ" అన్నారు. ఆయన చూద్దామండీ అంటే ఏమిటో నాకు తెలియనిదా? గంట కొట్టేరు, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయేను. ఆయన ఇంకా ల్యాబులోనే కూర్చుని ఉన్నారు.

ఆ ప్రశ్న ప్రోగ్రాములోంచి వచ్చింది కాదు, ఆ మనిషిలోంచి వచ్చింది. వారింటికి ఎవరు వెళ్ళినా అంతే. "పాలావిడని కూడా వెళ్ళనిచ్చేవారు కాదమ్మా. గేదె ఎలా ఉంది, దూడ తాగుతోందా, అప్పుడేనా, మజ్జిగ తాగి వెళ్ళు. ఆవిడ క్యానులో పాలు విరిగిపోతాయేమోనని నా భయం" అని రూతమ్మ గారు ఒకసారి నాతో మొత్తుకున్నారు. అలాంటి ఇంటికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళేను. కొబ్బరి వ్యాపారులూ, పాఠశాల పంతుళ్ళూ, ఆయన పాత విద్యార్థులూ, గుమ్మం నిండా జనం. సమాధుల తోటలో ప్రార్థన అయ్యింది, మట్టి వేసేం, మళ్ళీ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాం. ఆ తరవాత ఒక్కొక్కరే లేచి వెళ్ళటం మొదలైంది. చావింటినుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు కదా. మతం మారినా ఆ మాట మాత్రం మా ఇళ్ళలో మారలేదు. ఎవరూ ఎవరికీ చెప్పటం లేదు, చెప్పులు వేసుకుని తలొంచుకుని వెళ్ళిపోతున్నారు. ఆగమనేవారు లేరు. ఆ ఇంట్లోంచి అలా వెళ్ళటం నాకు అదే మొదటిసారి. గేటు దాకా వచ్చి, వెనక్కి తిరిగి ఏదో అనబోయి, నాలిక కరుచుకుని వచ్చేసేను. అప్పుడు వచ్చింది ఏడుపు.

సోమవారం లీల ఫోను చేసింది. "మేడమ్, మాస్టారు పోయేరు, శుక్రవారం నా సంగతేమిటని అడగటానికి నోరు రావట్లేదండీ" అంది. అడగనే అడిగింది కదా, ఇంకేం చేస్తాను! మాస్టారి కుర్చీలో కూర్చున్నాను. తాజా ప్రతి ఆయన మెషీన్లోనే ఉంది. ఇన్నేళ్ళూ ఆ అరుగు మీద పిల్లల చేత ప్రోగ్రాములు కట్టించినదాన్నే గాని, దాని లోపలికి నేనెప్పుడూ దిగలేదు. దిగవలసిన అవసరం రాకుండా కట్టటమే ఆయన పనితనమనుకోండి. రంగు వెతికే ముక్కలో 'అండీ'ని తుడిచేద్దామని మొదలుపెట్టేను. అక్కడ తుడిస్తే 'పంపు' ముక్కలో మిగిలింది. అక్కడా తుడిస్తే 'ఎవరికి' ముక్కలో మిగిలింది. పనికొకటి చొప్పున తుడుచుకుంటూ పోతే, కాయకో గునపం పాతినట్టే ఉంది వ్యవహారం. ఆ మాట నాకే తట్టి, ఆయన మీద మరింత కోపం వచ్చింది. చచ్చి కూడా పాఠం చెబుతారేమిటి ఈ మనిషి?

సరే, ఆయన పద్ధతిలోనే పోదామని తెరమీద 'సాయం' అని కొట్టేను. అరుగు తన భాగాలన్నీ వరసగా చెప్పింది. అందులో 'వినకముందు' అని ఒకటి ఉంది. దానిగురించి సాయం అడిగేను. "మనిషి రాసిన వరస పనిముక్కకి చేరకముందు ఇక్కడ ఆగుతుంది. ప్రస్తుతం ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యటం లేదండీ. అవసరమైనవారు వచ్చి రాసుకోండి" అంది. గుర్తొచ్చింది. ఇలాంటి ఖాళీ చోట్లు అరుగులో చాలా ఉన్నాయి. వినకముందు, విన్నాక, మొదలుపెట్టేముందు, ముగిసేక. ఏమీ చెయ్యని ముక్కలు ఇన్నెందుకండీ, దండగ కాదూ అని ఒకప్పుడు దెబ్బలాడేను. "ఇల్లు కట్టేటప్పుడే గుమ్మాలు పెట్టుకోవాలండీ. తరవాత గోడ కొట్టాలంటే కష్టం. ఎవరొస్తారో ఇప్పుడే తెలీదు కదా" అన్నారప్పుడు. ఎవరొస్తారండీ? ఇదిగో, నేనే వచ్చేను. ఆ ఖాళీ గుమ్మంలో నాలుగు వరసలు రాసేను. వచ్చిన మాటల చివర అండీ ఉన్నా, గారూ ఉన్నా, ముందు ఆయ్ ఉన్నా, విడిగా ఉన్నా అతుక్కుని ఉన్నా, మర్యాదగా పక్కకి తీసి కూర్చోబెట్టి, అసలు మాటని లోపలికి పంపమన్నాను. ఒక్కచోట రాస్తే అన్ని పనులకీ పట్టింది. దాని సాయం వాక్యం ముందే రాసేను. రాయకపోతే అరుగు రానిస్తుందా? అదీ ఒకటికి రెండుసార్లు తిరగరాసేను, లీల వాళ్ళమ్మగారు విన్నా అర్థమయ్యేలా. ఎవరైనా చూస్తే నవ్వేవారు. ముగించి 'వెళ్తాను' అని కొట్టేను. "అప్పుడేనా అండీ?" అంది. "అప్పుడే ఏమిటి, పొద్దుట్నుంచీ కూర్చుంటేనూ!" అని గట్టిగా అరిచేను. పక్కగదిలోంచి అటెండరు వచ్చి, ఏమైందమ్మా అని అడిగేడు.

శుక్రవారం ఆ ముక్క పట్టుకుని బండారులంక వెళ్ళి, లీల మెషీన్లోకి ఎక్కించేను. సంఘం గదిలో కొత్త చీరల గంజి వాసన, బల్లకి ఆవల అధ్యక్షులు, ఈవల లీల. ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అధ్యక్షులు ముందు సూర్రావు గారినే కూర్చోమన్నారు. "అప్పుడేం కొట్టేరో అదే కొట్టండి" అన్నారు. ఆయన బితుకుబితుకుమంటూ 'ఉందా నెమలికంఠం అండీ' అని కొట్టేరు. "ఉందండీ. కింది అరలో ఉన్నాయి, మగ్గం మీద కూడా ఒకటి ఉంది" అంది తెర. అధ్యక్షులు ముందుకు వంగేరు. తానే కూర్చుని, మమ్మల్ని ఓడిద్దామనుకున్నారో ఏమో, 'ఆయ్ ఉందా గారూ నెమలికంఠం గారండీ' అని కొట్టేరు. దానికీ అదే జవాబు వచ్చింది. ఇంతలో నిజంగానే ఫోను మోగింది. లీల చెవికి ఆనించుకుని, ఇటు కొడుతూ, అటు చెబుతూ, మేము కళ్ళప్పగించి చూస్తూండగా బేరం కుదిర్చేసి ఫోను పెట్టేసింది. ఇక అధ్యక్షులు కొత్తదాని ఊసెత్తలేదు. "బొమ్మలు కావాలంటే పక్కన వేరే పెట్టుకుందాం, ఫోను దగ్గర ఇదే ఉంటుంది, అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అన్నారు. సమావేశం ముగిసేక లీల చెవులకి పెట్టుకున్నది తీసేసింది. 'వెళ్తాను' అని కొట్టింది. తెర చదివే గొంతు గదంతా వినిపించేలా "అప్పుడేనా అండీ?" అని అడిగింది. "ఆయ్, రేపొస్తానండీ మాస్టారూ" అంది లీల, నేనక్కడ ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా. రోజూ అలాగే అంటుందట, సూర్రావు గారు చెప్పేరు.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం చక్కగా ఉండేది. ఆయన పని పూర్తయ్యింది, ఆ పిల్ల కుర్చీ నిలబడింది, నేను నాలుగు అక్షరాలు రాసి పేరు తెచ్చుకున్నాను. మర్నాడు కాలేజీకి వచ్చి, కొత్త ముక్కని మిగతా మెషీన్లలోకి కూడా ఎక్కిస్తూ, చివరికి నా మెషీను దగ్గరికి వచ్చేను. మాస్టారితో దెబ్బలాడిన ఆ శనివారం తరవాత దాన్ని నేను ముట్టుకోలేదు. ఎక్కించేను, సరిచూసేను, గంట కొట్టేరు, అలవాటుగా 'వెళ్తాను' అని కొట్టి, 'ఆయ్' కోసం వేలు పైకెత్తేను.

ఏమీ అడగలేదు. తెర ఊరికే మూసుకుపోయింది.

మళ్ళీ తెరిచేను, మళ్ళీ వెళ్తానన్నాను. మళ్ళీ మూసుకుపోయింది. అప్పటికి తెలిసింది. ఆ శనివారం నేను విసవిసా వెళ్ళిపోయేక, ఆయన నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, నా ఒక్కదాని ప్రతిలోంచి ఆ ప్రశ్న తీసేశారు. ఇన్నేళ్ళు ఆయ్ అని, చూద్దామండీ అని తప్పించుకున్న మనిషి, ఒక్క మాట వినకూడని రోజు చూసి విన్నారు. ఎవరు చెప్పేరండీ మిమ్మల్ని వినమని? విసుక్కుంటాం, అది మా హక్కు. మీరు వినకపోవటం మీ హక్కు. ఆ లెక్క తప్పించి వెళ్ళటం ఏం మర్యాద? నా తెర మీ ఇంటి గేటులా అయిపోయింది. చెప్పకుండా లేచి, తలొంచుకుని వెళ్ళిపోవాలి.

మాస్టారూ, మీకు శిలావిగ్రహాలు పెట్టే స్తోమత మాకు లేదు. మీ స్థానంలో వచ్చే మనిషికి మీకన్నా గొప్ప చదువుండవచ్చు, మీ ఓర్పు మాత్రం ఉండదు, నా విసుగుని నవ్వుతూ భరించే ఆ ఎదురుబల్ల ఇక ఖాళీయే. మీరు కట్టిన అరుగు మీద ఈ ప్రాంతపు పిల్లలు కూర్చుంటూనే ఉంటారు. నా వల్ల అయింది ఒకటే చేసేను. పైక్లాసు పిల్లల్ని కాసేపు ఆగమని కబురంపి, మళ్ళీ కూర్చున్నాను. మీ మెషీన్లోంచి ఆ ముక్క వెతికి తెచ్చి, మీరు తీసేసిన చోటే, నా చేతులతో నేనే తిరిగి పెట్టేను. 'వెళ్తాను' అని కొట్టేను. నల్లతెర మీద మీ ప్రశ్న వచ్చి నిలబడింది. 'ఆయ్' కొట్టటానికి నాకు చెయ్యి రాలేదు. ఆ ప్రశ్న నేను మిమ్మల్ని అడగవలసింది మాస్టారూ.

అప్పుడేనా అండీ?